టెక్ సందేహాలు: టార్క్ నిజంగా సగం సగం వెళ్తుందా?

ప్రశ్న: ఘాట్ రోడ్ల మీద ఎక్కువ తిరుగుతాను. ఆల్ వీల్ డ్రైవ్ ఎస్‌యూవీ చూడ్డానికి వెళ్తే ‘ముందుకీ వెనక్కీ 50:50 టార్క్’ అన్నారు. మా బావ మాత్రం తన ఫోర్ బై ఫోర్ థార్‌ని 4హెచ్‌లో పెట్టి తారు రోడ్డు మీద నడపకూడదంటాడు. రెండూ నాలుగు చక్రాలూ తిప్పేవే కదా? – ఓ పాఠకుడు, పాడేరు

జవాబు: మీ బావగారి మాట కరెక్ట్. షోరూమ్‌లో చెప్పింది సగమే. టార్క్ అంటే చక్రాన్ని తిప్పే బలం.

ముందు థార్ సంగతి. 4హెచ్ (నాలుగు చక్రాలనూ తిప్పే మోడ్) వేయగానే ముందు, వెనక యాక్సిళ్లకు వెళ్లే షాఫ్టులు రెండూ బిగుసుకుని ఒకే వేగంతో తిరుగుతాయి. మలుపులో మాత్రం ముందు చక్రాలు వెనకవాటి కంటే ఎక్కువ దూరం నడవాలి. కళ్లంలో బంతి కట్టినప్పుడు గుంజ దగ్గరి ఎద్దు నెమ్మదిగా, చివరి ఎద్దు గబగబా నడుస్తాయి చూడండి, అలాగన్నమాట. బురదలో టైరు కాస్త జారి సర్దుకుంటుంది. ఎండిన రోడ్డు మీద జారదు కాబట్టి ఒత్తిడంతా షాఫ్టులు, గేర్ల మీద పడుతుంది. సిమెంటు పార్కింగ్‌లో స్టీరింగ్ పూర్తిగా తిప్పి చూస్తే, ఎవరో బ్రేక్ పట్టినట్టు బండి బిగపడుతుంది. 1980లో వచ్చిన ఆడి క్వాట్రోలో ఈ తేడా కోసమే మధ్యలో అదనంగా ఒక డిఫరెన్షియల్ (రెండు వైపులా వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల అమరిక) పెట్టారు.

గ్రాండ్ విటారా ఆల్‌గ్రిప్ లాంటి బండ్ల దారి వేరు. మామూలుగా ఇంజిన్ తిప్పేది ముందు చక్రాలనే. వెనక చక్రాలకు వెళ్లే దారిలో ఒక క్లచ్ ప్లేట్ల దొంతర ఉంటుంది. ముందు చక్రం జారుతోందని, చక్రాల వేగం కొలిచే ఏబీఎస్ సెన్సర్లు చెప్పగానే కంప్యూటర్ ఆ ప్లేట్లను దగ్గరకు నొక్కుతుంది. ఎంత గట్టిగా నొక్కితే అంత టార్క్ వెనక్కి పోగలదు. ఈ రకంలో 50:50 అంటే క్లచ్ పూర్తిగా బిగుసుకున్నప్పటి మాట. అప్పుడైనా సమానమయ్యేది వేగమే. టార్క్ ఎటు పట్టు ఉంటే అటు పోతుంది. ముందు టైర్లు రెండూ జారుడు బురదలో ఉంటే పనంతా దాదాపు వెనకవే చేస్తాయి.

ఘాట్ దిగేటప్పుడు ఈ హంగు మీద భరోసా పెట్టుకోకండి. బ్రేక్ వేసినప్పుడు బండిని ఆపేది టైరు పట్టే, ఆల్ వీల్ డ్రైవ్ కాదు. టైర్లు మారిస్తే నాలుగూ ఒకేసారి మార్చండి. రెండు కొత్తవి, రెండు అరిగినవి ఉంటే చుట్టుకొలతలో తేడా వచ్చి క్లచ్ అనవసరంగా రాసుకుని వేడెక్కుతుంది. ఇంకో మాట, బండి ఆగిపోతే ముందు చక్రాలు మాత్రం ఎత్తి లాక్కెళ్తామంటే ఒప్పుకోకండి. నాలుగు చక్రాలూ పైకెక్కే ఫ్లాట్‌బెడ్ పిలిపించండి.