లెక్క సరిగ్గానే చేసినా యూనిట్ల దగ్గర మార్కులు పోతుంటే ఏం చేయాలి?

ఏడో తరగతి చదువుతున్న మీ అమ్మాయి గుణకారాలూ భాగహారాలూ తప్పు లేకుండా చేస్తున్నా, మీటర్లు, సెంటీమీటర్లు కలిసి వచ్చే లెక్కల్లో మార్కులు పోగొట్టుకుంటోందని రాశారు. ఉన్నత పాఠశాలలో గణితం బోధించే నాకు ఏటా జవాబు పత్రాల్లో కనిపించే ఇబ్బందే ఇది. చాలామంది పిల్లలు అంకెలతోనే లెక్కంతా నడిపి, చివరి వరుసలో మాత్రమే యూనిట్ రాస్తారు. అప్పటికే తప్పు జరిగిపోయి ఉంటుంది. అందుకే ఇచ్చిన వివరాలు రాసుకునే మొదటి వరుస నుంచే ప్రతి సంఖ్య పక్కనా దాని యూనిట్ ఉండాలని నేను పట్టుబడతాను.

అన్నిటికంటే ఎక్కువ తడబాటు వైశాల్యం దగ్గర వస్తుంది. 5 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు ఉన్న గదికి 50 సెంటీమీటర్ల భుజం గల చతురస్రాకార టైల్స్ ఎన్ని కావాలన్న లెక్కనే తీసుకోండి. గది వైశాల్యం 20 చదరపు మీటర్లని సరిగ్గానే కనుక్కొని, మీటరుకు 100 సెంటీమీటర్లు కదా అని దాన్ని 2,000 చదరపు సెంటీమీటర్లుగా మార్చి, ఒక్కో టైల్ వైశాల్యమైన 2,500తో భాగిస్తే, గదంతటికీ ఒక్క టైల్ కూడా పూర్తిగా అక్కర్లేదన్న జవాబు వస్తుంది. చదరపు మీటరుకు 10,000 చదరపు సెంటీమీటర్లు కాబట్టి కావలసినవి 80 టైల్స్. ఈ 10,000ను బట్టీ పట్టించకండి. నేల మీద సుద్దముక్కతో మీటరు భుజంతో చతురస్రం గీసి, ఒక అంచు వెంట సెంటీమీటరు గళ్లు ఎన్ని పడతాయో, అలాంటి వరుసలు ఎన్ని వస్తాయో అమ్మాయి చేతనే చెప్పించండి. పొడవు, వెడల్పులను గుణించకముందే 500, 400 సెంటీమీటర్లుగా మార్చుకోవడం అలవాటైతే ఈ చిక్కే రాదు.

కాలం సంగతి వేరు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో 1 గంట 15 నిమిషాలు నడిచిన బస్సు 75 కిలోమీటర్లు వెళుతుంది. ఆ కాలాన్ని 1.15 గంటలని రాస్తే 69 వస్తుంది. టైల్స్ లెక్కలో తప్పు చూడగానే తెలుస్తుంది గానీ, 69 నమ్మదగినట్లే ఉంటుంది కనుక ఇలాంటి తప్పు మీదే నాకు ఎక్కువ పట్టింపు. అలాగే గంటకు కిలోమీటర్లలో ఉన్న వేగాన్ని సెకనుకు మీటర్లలోకి మార్చడానికి గుణించే 5/18 అనేది, కిలోమీటరులోని 1,000 మీటర్లను గంటలోని 3,600 సెకన్లతో భాగిస్తే వచ్చిందని తెలిసిన పిల్లలు, దాన్ని తిరగేసిన 18/5తో ఎప్పుడు గుణించాలో తికమకపడరు.

ఇంట్లో పొలం ప్రస్తావన వచ్చినప్పుడు కూడా సాధన చేయించవచ్చు. ఎకరానికి 40 గుంటలు లేదా 100 సెంట్లు కాబట్టి 3 గుంటలు ఎన్ని సెంట్లని అడగండి. అయితే లెక్క మొదలుపెట్టకముందే జవాబు 3 కంటే పెద్దదవుతుందా, చిన్నదవుతుందా అన్నది చెప్పించండి. గుంట కంటే సెంటు చిన్నది కనుక సంఖ్య పెరగాలని ముందే తెలిసిన అమ్మాయి, 7.5 రావలసిన చోట 1.2 వస్తే తానే ఆగి సరిచూసుకుంటుంది.