మీసం నుంచి జీతం దాకా: రంగస్థలం ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: డిగ్రీ అయింది, వయసు 24. పరవాడలో ఒక ఫార్మా కంపెనీలో కాంట్రాక్టు ఉద్యోగం. మూడు నాటికల్లో వేశాను, ఒక పరిషత్తులో (నాటిక పోటీల్లో) ఉత్తమ సహాయ నటుడి బహుమతి వచ్చింది. ఉద్యోగం మానేసి పూర్తిగా నాటకంలోకి వద్దామనుకుంటున్నాను. ఇంట్లో ఒప్పుకోవడం లేదు.
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: ఇంట్లోవాళ్ల లెక్క తప్పేం కాదు. ఒక నాటికకు ఇరవై సాయంత్రాలు రిహార్సల్, ప్రదర్శనకు రానుపోను రెండు రోజులు అనుకోండి. చేతికి రెండు వేలు ఇచ్చారనుకున్నా రోజుకు వంద రూపాయలు పడదు. బహుమతి పేరు తెస్తుంది, బియ్యం తేదు. నటనతో పాటు తెర వెనక పని ఒకటి చేతిలో ఉంటేనే ఈ రంగంలో నిలబడగలరు. 1885 నుంచి నడుస్తున్న సురభి నాటక సమాజంలో వేషం కట్టేవాళ్లకు తెర పని, సెట్టు పని కూడా వచ్చు. అది మురిపెం కోసం నేర్చుకున్నది కాదు, బతుకుతెరువు.

మమ్మల్ని అడిగితే లైటింగ్ పట్టుకోమంటాం. పరిషత్తులో ఒక రాత్రి మూడు నాటికలు ఉంటే నటుడు సాధారణంగా ఒకదాంట్లోనే వేస్తాడు. లైట్లు చూసే మనిషి మూడింటికీ పని చేయగలడు, దానికి ఇరవై సాయంత్రాల రిహార్సలూ అక్కర్లేదు. స్క్రిప్టు చదివి, చివరి రెండు మూడు రిహార్సల్స్ చూస్తే చాలు.

ముందు కరెంటు లెక్క నేర్చుకోండి. వెయ్యి వాట్ల పార్ లైటు (స్టేజి మీదికి కొట్టే డబ్బా లాంటి లైటు) 230 వోల్టుల దగ్గర దాదాపు 4.3 ఆంపియర్లు లాగుతుంది. 16 ఆంపియర్ల సాకెట్ మీద మూడు పెడితే 13, సరిపోతుంది. నాలుగోది తగిలిస్తే 17 దాటుతుంది. మొదటి సీన్లో ఏమీ కాదు, ఎందుకంటే వెలుగు పెంచి తగ్గించే డిమ్మర్ సగంలోనే ఉంటుంది. క్లైమాక్సులో అన్నీ ఫుల్‌లో పెట్టాక ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే ఆపేసే స్విచ్) పడిపోవచ్చు. తర్వాత ముఖం వెలుగు. ముందు నుంచి, రెండు పక్కలా, సుమారు 45 డిగ్రీల ఎత్తులో కొట్టాలి. నెత్తిమీద నుంచి ఒక్కటే కొడితే కళ్లు గుంటలైపోతాయి, మీ నటన మూడో వరస దాకా కూడా వెళ్లదు. ఎల్‌ఈడీ పార్లు కరెంటు తక్కువ తింటాయి గానీ, చవక రకం నెమ్మదిగా ఆర్పబోతే మెట్లు దిగినట్టు ఆరుతుంది, వీడియోలో మినుకుమినుకుమంటుంది. నిదానంగా చీకటి పడాల్సిన సీనుకు పాత హాలోజెనే నయం.

విశాఖలో ఉన్న ఇంకో వెసులుబాటు ఫ్యాక్టరీలు. మార్చి 4న జాతీయ భద్రతా దినోత్సవం, అక్టోబరు 31 వచ్చే వారంలో విజిలెన్స్ (అవినీతిపై అప్రమత్తత) వారోత్సవం. వీటికి ప్లాంటుల్లో, పోర్టులో వీధి నాటకాలు వేయిస్తుంటారు. ఆరేడుగురు, పదిహేను ఇరవై నిమిషాలు, షిఫ్టు మారే వేళ. మీకు ఫార్మా ప్లాంటు లోపలి సంగతి తెలుసు. రియాక్టర్ దగ్గర మాస్కు తీసేసేవాడు ఏ సాకు చెబుతాడో స్క్రిప్టులో పెట్టగలరు, అది మామూలు నటుడికి చేతకాదు. పాన్, బ్యాంకు ఖాతా, కొటేషన్, బిల్లు సిద్ధంగా ఉంచుకోండి. కంపెనీ డబ్బు చేతికి రావడానికి నెలా రెండు నెలలు పట్టొచ్చు. టీడీఎస్ (ముందే కోసుకునే ఆదాయ పన్ను) పట్టుకుంటే రిటర్న్ వేసి రాబట్టుకోవాలి. నటులకు మాత్రం ఆ రోజే ఇచ్చేయాలి కాబట్టి కొంత సొమ్ము ముందే దగ్గర ఉండాలి. చాలా బృందాలు ఇక్కడే విరిగిపోతాయి.

చదువుకోవాలనుంటే ఆంధ్ర విశ్వవిద్యాలయంలో థియేటర్ ఆర్ట్స్ విభాగం ఉంది, ఊరు కదలక్కర్లేదు. ఢిల్లీ నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాది మూడేళ్ల కోర్సు. డిగ్రీతో పాటు కనీసం ఆరు నాటకాల అనుభవం అడుగుతారు, వయసు 30 లోపు, హిందీ ఇంగ్లీషు పని నడిచేంత రావాలి. మీకింకా మూడు తక్కువ. వేసిన ప్రతి నాటిక కరపత్రం, ఫొటో, సర్టిఫికెట్ ఈరోజు నుంచే ఒక ఫైల్లో పెట్టండి. ఆకాశవాణి నాటక ఆడిషన్ ప్రకటన వస్తే వదలకండి.

ఉద్యోగం ఎప్పుడు మానాలి? నాటకం పనుల మీద వచ్చే డబ్బు వరసగా ఆరు నెలలు ఇంటద్దె, సరుకులు గడిపితే అప్పుడు. ఈలోగా సినిమాలో వేషం ఇప్పిస్తామని బీచ్ రోడ్డు హోటల్లో కూర్చుని ఎవరైనా డబ్బు అడిగితే, టీ తాగేసి వచ్చేయండి.

ప్రశ్న: నాటికల్లో స్త్రీ పాత్రలకు పిలుస్తారు. మాట్లాడుకున్న డబ్బులో సగమే ఇస్తున్నారు. అడిగితే ‘బహుమతి రాలేదు కదమ్మా’ అంటున్నారు.
– ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ

జవాబు: బహుమతి రిస్కు నాటక సమాజానిది, మీది కాదు. ఒప్పుకునే రోజే వాట్సాప్‌లో రాసి పంపండి: ఎన్ని రిహార్సల్స్, ఎన్ని ప్రదర్శనలు, ఒక్కోదానికి ఎంత, ప్రయాణం, విడి గది ఎవరు చూస్తారు, ప్రదర్శన రద్దయితే ఎంత ఇస్తారు, వీడియో యూట్యూబ్‌లో పెడితే మీ అనుమతి కావాలని. ‘సరేనమ్మా’ అని అవతల నుంచి జవాబు వచ్చేదాకా స్క్రిప్టు పట్టుకోకండి. మూడో వంతు మొదటి రిహార్సల్‌కి, మిగతాది మేకప్ కుర్చీలో కూర్చోకముందు తీసుకోండి. తెర పడ్డాక అడిగితే వ్యాను బయల్దేరిపోతుంది. వేధింపుల్లాంటివి ఎదురైతే, సమాజంలో పదిమంది లేకపోయినా పనిచోట మహిళలపై లైంగిక వేధింపుల 2013 చట్టం కింద జిల్లా స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయొచ్చు.

ప్రశ్న: మేం ఐదుగురం సొంత సమాజం పెట్టి టికెట్ నాటకం వేద్దామనుకుంటున్నాం.
– పెందుర్తి మిత్రులు

జవాబు: ఇంకో ఇద్దర్ని వెతకండి. సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 ప్రకారం కనీసం ఏడుగురు ఉండాలి. రచయిత పోయిన 60 ఏళ్ల దాకా కాపీరైటు ఉంటుంది. గురజాడ 1915లోనే పోయారు కనుక ఆయన రచనలకు అడ్డు లేదు. మిగతావాళ్ల దగ్గర రాతపూర్వక అనుమతి తీసుకోండి. టికెట్ మనిషికి 500 రూపాయలు దాటకపోతే నాటకానికి జీఎస్టీ లేదు. మన ఊళ్లో ఆ మాట ఎత్తాల్సిన అవసరం ఎలాగూ రాదనుకోండి. గురజాడ కళాక్షేత్రం గానీ, కళాభారతి గానీ, ఏ హాలు మాట్లాడినా అద్దెలో జనరేటర్, మైకు, ఉదయం సెట్టు వేసుకునే సమయం కలిసున్నాయో లేదో ముందే అడగండి. టేపు తీసుకెళ్లి స్టేజి కొలవండి, ముఖ్యంగా వింగ్‌లోకి (స్టేజి పక్కకు) తలుపు వెడల్పు. సెట్టు సామాను అందులోంచే పోవాలి. ఆరుబయట అయితే రాత్రి 10 దాటాక మైకు ఉండకూడదు.

ప్రశ్న: సముద్రం ఒడ్డున ప్రదర్శన. అతికించిన మీసం రెండో రంగానికే ఊడిపోతోంది.
– భీమిలి

జవాబు: చెమట, దాని కింద జిడ్డు. పాన్‌కేక్ (ముఖానికి వేసే మేకప్ రంగు) వేశాక దానిమీద గమ్ము రాస్తున్నారేమో చూడండి. గమ్ము రంగుకు అంటుకుంటుంది, చర్మానికి కాదు. మీసం చోటు వదిలేసి మిగతా ముఖానికి మేకప్ వేయండి. ఆ చోటును స్పిరిట్ అద్దిన దూదితో తుడిచి, ఆరనిచ్చి, స్పిరిట్ గమ్ పలచగా రాయండి. వెంటనే అతికించొద్దు. వేలితో తడుతుంటే దారంలా సాగినప్పుడు పెట్టి, తడిగుడ్డతో అర నిమిషం అదిమి పట్టండి. పైపెదవి మధ్య పల్లంలో గమ్ము పడకుండా చూస్తే డైలాగు చెప్పేటప్పుడు లాగదు. తీసేటప్పుడు రిమూవర్ గానీ కొబ్బరినూనె గానీ రాసి నానబెట్టండి, పీకితే రెండో రోజు ఆటకు ఆ చోట దద్దుర్లు.