టెక్ సందేహాలు: చాట్‌బాట్ చెప్పిన హదీసుకు జామీను ఎవరు?

ప్రశ్న: నా ఫోన్‌లో నమాజు వేళలు చూపించే యాప్ ఉంది. ఈమధ్య అప్‌డేట్‌తో అందులో ఏఐ చాట్ వచ్చింది. పొరుగువాళ్ల హక్కుల గురించి ఒక హదీసు (ప్రవక్త చెప్పినట్టు నమోదైన మాట) అడిగితే గ్రంథం పేరు, నంబర్‌తో సహా ఇచ్చింది. బాగుందని మా మొహల్లా వాట్సాప్ గ్రూపులో పెట్టాను. మా ఇమాం సాబ్ చూసి, ఆ మాటలు ఏ హదీసులోనూ లేవన్నారు. ఏదైనా సెట్టింగ్ మార్చాలా? తప్పు ఎవరిది? (కర్నూలు నుంచి ఒక పాఠకుడు)

జవాబు: మార్చడానికి సెట్టింగ్ ఏదీ లేదు. ఇదే ఫిర్యాదు నాకు రకరకాలుగా వస్తూనే ఉంది: ఒకరికి లేని హదీసు, ఒకరికి ఖుర్ఆన్ ఆయత్ (వాక్యం) నంబర్ తప్పు, ఇంకొకరికి ఏ ముఫ్తీ ఇవ్వని ఫత్వా. చాట్‌బాట్ గ్రంథం తెరిచి చూసి చెప్పదు, ఏ మాట తర్వాత ఏ మాట వస్తే నమ్మేలా ఉంటుందో లెక్కకట్టి అల్లుతుంది. నంబర్ కూడా అలా అల్లిందే. కొన్ని యాప్‌లు ముందు గ్రంథాల్లో వెతికి తర్వాత రాస్తాయి, అవి కొంత నయం, కానీ దొరికినదాన్ని తెలుగులోకి మార్చేటప్పుడు అవీ అర్థం తప్పిస్తాయి.

ఒక జాగ్రత్త. నంబర్ కలవనంత మాత్రాన హదీసు అబద్ధమని అనేయకండి, సహీహ్ ముస్లిం లాంటి పేరున్న హదీసు సంకలనానికే ప్రచురణను బట్టి నంబర్లు మారతాయి. అరబీ మూలం అడిగి, అందులోని నాలుగైదు మాటలతో హదీసు సంకలనాల్లో వెతకండి. అక్కడ దొరక్కపోతే ఆలిమ్‌ను (ధార్మిక పండితుణ్ని) అడగకుండా ఎవరికీ పంపకండి.

నాకు కోపం తెప్పించేది మాత్రం వేరే ఉంది. హదీసు విద్య మొత్తం 'ఎవరు చెప్పారు' అనే ప్రశ్న మీదే నిలబడింది. ఫలానా ఆయన ఫలానా ఆయన దగ్గర విన్నాడు అని పేర్లన్నీ వరసగా చెప్పాలి, ఆ వరసనే ఇస్నాద్ అంటారు. మధ్యలో ఒక్కరి జ్ఞాపకశక్తి మీద అనుమానమున్నా ఆ హదీసు బలహీనమైపోతుంది. ఇస్నాద్ ధర్మంలో భాగమనీ, అది లేకపోతే ఎవరికి తోచింది వాళ్లు చెప్పేవాళ్లనీ తొలినాటి హదీసు పండితుడు అబ్దుల్లా ఇబ్న్ ముబారక్ అన్న మాటను ఇమాం ముస్లిం తన గ్రంథం సహీహ్ ముస్లిం ముందుమాటలోనే రాసుకున్నారు. అంత కష్టపడి కాపాడిన విద్యకు, వెనక ఎవరి పేరూ లేని చాట్ పెట్టె తగిలించి, కింద కనీకనపడని అక్షరాల్లో 'జవాబులు తప్పు కావచ్చు' అని రాసి వదిలేశారు. తప్పు కావచ్చని తెలిసీ ధార్మిక యాప్‌లో ఎందుకు పెట్టినట్టు?

వైద్యం తెలియకుండా వైద్యం చేసినవాడు జరిగిన నష్టానికి పూచీ పడాలని అబూ దావూద్ సంకలనంలో ఒక హదీసు ఉంది. అక్కడ వాడిన మాట 'జామిన్'. మనం కోర్టుల్లో అనే జామీను కూడా ఆ మూలం నుంచి వచ్చిందే. యంత్రానికి నియ్యత్ (ఉద్దేశం) ఉండదు, రేపు ప్రళయ దినాన లెక్క చెప్పేది అది కాదు. కాబట్టి తయారుచేసినవాళ్లు, అమ్మినవాళ్లు, చూసుకోకుండా వాడినవాళ్లు జామీను ఉండాలి. 'ఏఐ అలా చెప్పింది' అనేది జవాబు కాదు.

మీరు అడగలేదు కానీ, ఇలాంటి యాప్‌ల గురించి నాకు ఎక్కువ టెన్షన్ లొకేషన్ దగ్గరే. కోట్లమంది వాడే ఒక నమాజు యాప్ నుంచి లొకేషన్ డేటా ఒక దళారీ సంస్థకూ, అక్కణ్నుంచి అమెరికా సైన్యానికి పనిచేసే కాంట్రాక్టర్లకూ చేరుతోందని 2020 నవంబర్‌లో వార్తలొచ్చాయి. ఆ దళారీతో తెగదెంపులు చేసుకున్నామని యాప్‌వాళ్లు చెప్పారు. ప్రార్థనా స్థలాల వంటి సున్నితమైన చోట్ల లొకేషన్ డేటా అమ్మకుండా అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆ దళారీని కట్టడి చేసింది మాత్రం 2024 జనవరిలో. నమాజు యాప్ అంటే రోజుకు ఐదుసార్లు తెరిచేది. తెల్లవారుజామున ఫజర్‌కు ఎక్కడున్నారో చూస్తే ఇల్లు తెలుస్తుంది, మధ్యాహ్నం జుహర్‌కు ఆఫీసు, శుక్రవారం జుమాకు మసీదు, ఇక పేరు లేకపోయినా మనిషి ఎవరో తెలిసిపోతుంది. ఇప్పుడు దానికి చాట్ కూడా తోడైంది. జనం అందులో అడిగేవి ఎలాంటివి? కోపంలో తలాక్ అన్నాను పడుతుందా, వడ్డీకి అప్పు తీసుకున్నాను ఏం చేయాలి, కూతురి పెళ్లి విషయం. హజ్రత్ (మతగురువు) దగ్గర గొంతు తగ్గించి అడిగే మాటలు ఇవి. లొకేషన్‌తో పాటు ఇవన్నీ ఒకే సర్వర్‌లో పడి ఉంటే, అది ఎవరి చేతికి చిక్కినా ఒక కుటుంబం పరువు వాళ్ల చేతిలో ఉన్నట్టే. ఒకరి రహస్యాలు ఒకరు కూపీ లాగొద్దని ఖుర్ఆన్ 49:12 చెబుతుంటే, ఆ ఖుర్ఆన్ వినిపించే యాపే కూపీ లాగడం నాకు మింగుడుపడడం లేదు.

నిజానికి నమాజు వేళలకు మీరు నిలబడ్డ చోటు అక్కర్లేదు, ఊరు తెలిస్తే చాలు. మన దగ్గర తూర్పు పడమరలుగా సుమారు 25 కిలోమీటర్లకు తేడా ఒక్క నిమిషం. లొకేషన్ పర్మిషన్ తీసేసి ఊరు చేత్తో ఎంచుకోండి, లెక్క పద్ధతిలో కరాచీ అనే ఎంపిక, సాయంత్రపు అసర్ నమాజుకు హనఫీ సంప్రదాయం (మీ మసీదు పాటించేది అదే అయితే) పెట్టుకోండి. ఊరు ఎంచుకునే వీలే ఇవ్వని యాప్ అయితే ఈరోజే తీసేయండి.

తప్పు ఎవరిది అన్నారు కదా, ఆ ప్రశ్న చదివితే తెలంగాణ రేషన్ కార్డులు గుర్తొచ్చాయి. వేర్వేరు శాఖల రికార్డులు కలిపి అర్హుల్ని తేల్చే 'సమగ్ర వేదిక' అనే సాఫ్ట్‌వేర్, పేరు దగ్గరగా ఉందని ఒక పేద ముస్లిం కుటుంబాన్ని కారున్న మరో మనిషితో కలిపేసి కార్డు లేకుండా చేసిందని 2024లో పత్రికల్లో వచ్చింది. సయ్యద్‌లూ షేక్‌లూ ఒక్క వీధిలోనే ఎంతమంది ఉంటారో మనకు తెలుసు, ఆ సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లకు తెలియదా? 2016 నుంచి రద్దయిన 19 లక్షల కార్డుల్ని మళ్లీ పరిశీలించమని 2022లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. ఆఫీసుకెళ్తే కంప్యూటర్‌లో అలా ఉందమ్మా అంటారు. ఆకలితో వెనక్కి తిరిగే ఆమె ఎవరి పేరు పట్టుకుని అడగాలి? ప్రతి ఒక్కరూ కాపరే, ప్రతి కాపరీ తన మంద గురించి జవాబు చెప్పుకోవాల్సిందే అన్న హదీసు ఇమాం సాబ్‌లకు మాత్రమే కాదు, సాఫ్ట్‌వేర్ ఆర్డర్ మీద సంతకం పెట్టే అధికారికీ వర్తిస్తుంది.

ఇక మీ సంగతి. విన్నదల్లా చెప్పేయడమే మనిషి అబద్ధికుడనడానికి చాలు అన్న హదీసు కూడా ఇమాం ముస్లిం ముందుమాటలోనే ఉంది. యాప్‌ది ఎంత తప్పో, చూసుకోకుండా పంపిన మీదీ తప్పే. ఆ మెసేజ్ డిలీట్ చేసి ఊరుకోకండి, ఈపాటికి నాలుగు గ్రూపులకు వెళ్లి ఉంటుంది. అది హదీసు కాదని అదే గ్రూపులో మీ పేరుతో రాసి, ఎవరెవరు ఫార్వర్డ్ చేశారో అడిగి, వాళ్లతో కూడా ఆ దిద్దుబాటు పంపించండి.