గాజు కళ: మీరు అడిగారు, మేం చెబుతున్నాం

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే సందేహం: గాజు కళాకారులకు ఊహ ఎక్కడ తడుతుంది, తట్టిన ఊహ గాజులోకి ఎలా దిగుతుంది? ఈ రెంటినీ విడదీసి చెప్పలేం. గాజు వేడికి ఎలా నడుచుకుంటుందో తెలిసినవాళ్లకే బయటి దృశ్యం గాజులా కనిపిస్తుంది.

ప్రశ్న: అమెరికా గాజు కళాకారుడు డేల్ చిహూలీ చేసిన గాజు బుట్టల ఫొటోలు చూశాను. అన్నీ ఒరిగి, నలిగినట్టున్నాయి. కావాలని అలా చేశారా? ఆయన ఇప్పుడు స్వయంగా గాజు ఊదరంటారు, నిజమేనా?
(ఫైన్ ఆర్ట్స్ విద్యార్థిని, హైదరాబాద్)

కావాలనే చేశారు. 1977లో అమెరికాలోని టకోమాలో, వాషింగ్టన్ రాష్ట్ర చరిత్ర సంఘం భద్రపరిచిన ఆదివాసుల పాత బుట్టలు ఆయన కంటపడ్డాయి. ఒకదానిలో ఒకటి పేర్చిన ఆ బుట్టలు బరువుకు కుంగి, అంచులు వాలి ఉన్నాయి. అల్లిక బుట్ట అలా కుంగడానికి ఏళ్లు పడుతుంది, గాజుకైతే కొన్ని క్షణాలు చాలు. అంతవరకు ఊదేవాళ్ల నేర్పంతా పాత్ర ఒరగకుండా చూడడంలోనే ఉండేది. చిహూలీ ఆ ఒరగడాన్నే పనిలో పెట్టుకున్నారు.

బెల్లం పాకం పట్టిన అనుభవం ఉంటే ఈ పని సులువుగా అర్థమవుతుంది. కొలిమిలో 1,100 డిగ్రీల సెల్సియస్ పైన గాజు లేత పాకంలా జారుతుంది. గొట్టానికి చుట్టి, ఊది, కాస్త చల్లారనిస్తే ముదురు పాకమవుతుంది. పలచగా ఊదిన పాత్రను గ్లోరీ హోల్ అనే రెండో కొలిమిలో మళ్లీ వేడి చేసి, గొట్టం తిప్పడం ఒక్క క్షణం ఆపితే అంచు కిందికి వాలుతుంది. వాలిన చోట నిలబెట్టాలంటే వెంటనే తిప్పడం మొదలుపెట్టాలి. రెండు క్షణాలు ఆలస్యమైతే పాత్ర మొత్తం ముడుచుకుపోతుంది. ఒక పక్కే ఎక్కువ కాగితే అక్కడ చిల్లి పడుతుంది. పలచని అంచు అన్నిటికంటే ముందు చల్లారుతుంది కాబట్టి, మళ్లీ వేడి చూపడం మరిస్తే టిక్కుమని పగులుతుంది.

1980లో మొదలుపెట్టిన సముద్ర రూపాల వరసలో ఆయన ఈ బలహీనతకు మందు కనుక్కున్నారు. వేడి బుడగను నిలువు గాడులున్న అచ్చులోకి ఊదితే గోడ మీద మడతలు పడతాయి. ముడతల రేకు పలచనైనా వంగనట్టు, ఆ మడతల బలంతో గోడను ఇంకా పలచగా లాగొచ్చు. గవ్వల పోలిక దానంతటదే వచ్చింది.

ఇక రెండో ప్రశ్న. 1976లో ఇంగ్లండ్‌లో జరిగిన కారు ప్రమాదంలో ఆయన ఎడమ కంటి చూపు పోయింది. 1979లో సముద్రంలో ఈదుతుండగా భుజం తొలగింది. ఆ తర్వాత గొట్టం పట్టడం మానేశారు. రంగులతో బొమ్మ గీసి చూపిస్తే బృందం చేస్తుంది. దీన్ని తక్కువ చేసి చూడకండి. 1968లో ఇటలీలోని మురానోలో, వెనీనీ గాజు కార్ఖానాలో ఆయన చూసింది ఈ పద్ధతినే. అక్కడ ఒక మేస్త్రి, అతని చుట్టూ నలుగురైదుగురు సహాయకులు. ఒకరు గొట్టం తిప్పుతుంటే ఒకరు ఊదుతారు, ఇంకొకరు చెక్క పలకతో వేడి నుంచి మేస్త్రి చేతిని కాపాడతారు. పెద్ద పాత్ర ఒంటరిగా సాగే పని కాదు.

ప్రశ్న: మా దగ్గర పాపానాయుడుపేటలో గాజు పూసలు చేస్తారని విన్నాను. విదేశీ స్టూడియో కళాకారులు చేసేదానికీ దీనికీ పోలిక ఏమైనా ఉందా?
(ఉపాధ్యాయుడు, తిరుపతి)

ఉంది. మంచి ప్రశ్న అడిగారు. పుదుచ్చేరి దగ్గరి ప్రాచీన రేవు అరికమేడు కాలం నుంచి దక్షిణ భారతం సముద్రాలు దాటించి అమ్మిన చిన్న పూసల విద్యకు పాపానాయుడుపేట వారసురాలు. ఇనుప గొట్టం చివర గాజు ముద్దను పెద్ద శంకువులా పేరుస్తారు. గొట్టంలోంచి చువ్వ పోనిచ్చి ముద్ద నడుమ బెజ్జం చేస్తారు. దాన్ని కొలిమిలో నిలిపి, ఎదురుగా కూర్చున్న పనివాడు కొక్కెంతో కొసను అందుకుని బోలు తీగగా లాగుతూనే ఉంటాడు. లాగే వేగమే కొలత: వేగం పెరిగితే తీగ సన్నబడుతుంది, తగ్గితే లావవుతుంది. చెయ్యి తడబడితే పూసలన్నీ తలోరకం. తర్వాత తీగను ముక్కలు చేసి, బెజ్జాలు పూడకుండా బూడిదతో కలిపి వేడి చేస్తే పదును అంచులు గుండ్రబడతాయి.

అమెరికా కళాకారిణి టూట్స్ జిన్‌స్కీ పని కూడా తీగ మీదే నడుస్తుంది. ఆమెది బోలు తీగ కాదు, గట్టి పోగు. రంగు కడ్డీలను కరిగించి వెంట్రుకంత సన్నని పోగులుగా లాగుతారు. వేల పోగులను వేడికి తట్టుకునే పలక మీద గుండ్రంగా, పొరలు పొరలుగా పేరుస్తారు. కొలిమిలో అవి ఒకదానికొకటి అంటుకుని బిళ్లవుతాయి. ఆ బిళ్లను ఒకదాని తర్వాత ఒకటిగా లోతు పెరిగే గిన్నె అచ్చుల్లోకి వాలనిస్తారు. చివరగా వేడిని ఆపే చేతి తొడుగులు వేసుకుని, కొలిమి తెరిచి, చేతులతోనే గిన్నెను నొక్కి వంపులు తెస్తారు. ఆమె ఊహకు పక్షుల రెక్కలు ఒక మూలం. ఘనాలో ఆరు నెలలు అక్కడి సంప్రదాయ సంగీతాన్ని రికార్డు చేసిన అనుభవం ఇంకొకటి. ఈకలో రంగు పూత కాదు, పీచు పీచుకీ ఉంటుంది. పోగులు పేర్చే పద్ధతికి ఈక కంటే దగ్గరి చుట్టం ఏముంటుంది?

ప్రశ్న: సీసా గాజును గ్యాస్ టార్చితో కరిగించి పూసలు చేశాను. రాత్రికి బాగున్నాయి, తెల్లారేసరికి సగం పగిలాయి. ఎందుకు?
(గృహిణి, నెల్లూరు)

మీ చేతిలో లోపం లేదు, చల్లార్చడంలో ఉంది. పూస పైభాగం ముందు గట్టిపడుతుంది, లోపల ఇంకా వేడిగా ఉంటుంది. లోపలిది తర్వాత చల్లారి కుంచించుకోవాలని చూస్తే పై పెంకు ఒప్పుకోదు. ఆ లాగులాట గాజులోనే మిగిలిపోయి, గంటలకో రోజులకో పగులుగా బయటపడుతుంది. వెచ్చని బూడిదలోనో, వర్మిక్యులైట్ అనే తేలికైన ఖనిజపు రవ్వలోనో పెడితే చల్లారడం కాస్త నెమ్మదిస్తుందే తప్ప లాగులాట తీరదు. చిన్న పూసలు బతకొచ్చు, పెద్దవి బతకవు. సీసా గాజుకైతే ఉష్ణోగ్రతను నిలబెట్టే చిన్న విద్యుత్ కొలిమిలో సుమారు 550 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచి, తర్వాత గంటకు 60 డిగ్రీల చొప్పున దించండి. పూస చేసే కడ్డీ గాజుకు 500 నుంచి 520 సరిపోతుంది.

రెండు సీసాల గాజు కలపకండి. వ్యాకోచం తేడాగా ఉంటే ఎంత నెమ్మదిగా చల్లార్చినా అతుకు దగ్గర విడిపోతుంది.

ఇంట్లోనే చేసుకోగల పరీక్ష ఒకటుంది. ల్యాప్‌టాప్‌లో తెల్ల తెర పెట్టి, పూసను దాని ముందు పట్టుకుని, పోలరైజ్డ్ కళ్లజోడులోంచి చూడండి. కళ్లజోడును మెల్లగా తిప్పితే తెర ఒకచోట నల్లబడుతుంది. అప్పుడు పూసలో తెల్లని మెరుపు మచ్చలు కనిపిస్తే లోపల లాగులాట ఉన్నట్టే. దాన్ని మళ్లీ కొలిమిలో పెట్టొచ్చు.

ప్రశ్న: కిటికీ అద్దాల ముక్కలను కరిగించి అతకవచ్చా?
(వరంగల్)

అతకవచ్చు. అయితే ఒకే అద్దం నుంచి కోసిన ముక్కలే వాడండి. కిటికీ గాజును కార్ఖానాలో కరిగిన తగరం మీద తేలనిస్తారు, కాబట్టి ఒక వైపు తగరం అంటి ఉంటుంది. ముక్కలన్నీ ఒకే దిక్కున పెట్టాలి. కరిగించాక పైన తెల్లని మసక కనిపిస్తే అది మురికి కాదు, గాజు పైపొర స్ఫటికంగా మారడం. ముక్కలను బాగా కడిగి, పై వేడి దగ్గర ఎక్కువసేపు ఉంచకపోతే అది తగ్గుతుంది.

ప్రశ్న: చెక్ దంపతులు లిబెన్‌స్కీ, బ్రిఖ్తోవాల శిల్పాలు లోపలి నుంచి వెలుగుతున్నట్టుంటాయి. ఒకే రంగు గాజులో అన్ని ఛాయలెలా? అరచేతిలో పట్టేంత శిల్పాన్ని నేను పోత పోయాలంటే?
(శిల్పి, విజయవాడ)

ఒకే రంగు గాజు పలచగా ఉన్నచోట లేతగా, మందంగా ఉన్నచోట ముదురుగా కనిపిస్తుంది. అంటే వాళ్లు రంగు వేయలేదు, మందాన్ని చెక్కారు. స్తానిస్లావ్ లిబెన్‌స్కీ బొగ్గుతో బొమ్మ గీస్తే, యారొస్లావా బ్రిఖ్తోవా దాన్ని మట్టిలో నిలబెట్టేవారు. శిల్పం వెనక వైపు నుంచి లోతుగా తొలిచిన రూపం ముందు నుంచి చూస్తే వెలుగుగా కనిపిస్తుంది. 1958 బ్రస్సెల్స్ ప్రదర్శన కోసం ఆదిమ గుహాచిత్రాల స్ఫూర్తితో జంతు రూపాలున్న గాజు రాళ్లు పోత పోసి, కాంక్రీటు గోడలో పొదిగారు. గుహ గోడ మీది జంతువు రాతిలోంచి పుట్టినట్టే కనిపిస్తుంది కదా, వీళ్లు దాన్ని గాజు లోపలికి పంపారు. ఈ శతాబ్దపు గాజు పనికి వాళ్లు వేసిన దారి కంటే లోతైనది మా దృష్టిలో లేదు.

మీ పని సంగతి. మట్టి లేదా మైనం బొమ్మ చుట్టూ అచ్చు పోయడానికి ఒక లీటరు నీటికి కిలో ప్లాస్టర్ ఆఫ్ పారిస్, కిలో సిలికా పొడి. పొడిని నీటిలో చల్లాలి, నీటిని పొడిలో పోయకూడదు. రెండు నిమిషాలు నాననిచ్చి, బుడగలు రాకుండా చేత్తో అడుగు నుంచి కలపండి. సిలికా దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే తిరిగి రాదు, ఎన్95 మాస్కు లేకుండా సంచి విప్పకండి. అచ్చు గోడ మూడు సెంటీమీటర్లు ఉండాలి.

మట్టి తీసేశాక, అచ్చు తడిగా ఉన్నప్పుడే నీళ్లు నింపి కొలవండి. మిల్లీలీటర్లను 2.5తో గుణిస్తే గాజు గ్రాములు వస్తాయి: 400 మిల్లీలీటర్లకు కిలో గాజు. చిన్న రవ్వ వాడితే మధ్యలో చిక్కిన గాలి పాల మసకలా మిగులుతుంది. స్వచ్ఛంగా కావాలంటే పెద్ద ముక్కలు పెట్టండి.

కొలిమిని 95 డిగ్రీల దగ్గర ఆరేడు గంటలు ఆపి తడి ఆర్చాలి. పై రంధ్రం దగ్గర చిన్న అద్దం పట్టి చూడండి: ఆవిరి పడితే ఇంకా ఆరలేదు. తొందరపడితే అచ్చు పగిలి కరిగిన గాజు అరలోకి కారుతుంది. ఆ తర్వాత గంటకు 55 డిగ్రీలకు మించకుండా 675 దాకా, అక్కడి నుంచి త్వరగా 830 దాకా వెళ్లొచ్చు.

అసలు ఓపిక చల్లార్చేటప్పుడే. బుల్స్‌ఐ అనే కంపెనీ గాజుకు, దించే ముందు నిలిపి ఉంచాల్సిన మెట్టు 482 డిగ్రీలు. 12 మిల్లీమీటర్ల మందానికి రెండు గంటలు నిలిపి గంటకు 55 డిగ్రీలు దించొచ్చు. 25 మిల్లీమీటర్లకు నాలుగు గంటలు నిలిపి, గంటకు 15. 50 మిల్లీమీటర్లకు ఎనిమిది గంటలు నిలిపి, గంటకు నాలుగు కూడా కాదు, 3.8. ఈ వేగం 427 డిగ్రీలు చేరేదాకా. మందం రెట్టింపైతే దించే వేగం నాలుగో వంతుకు పడిపోతుంది. మనిషెత్తు పోత శిల్పాలు కొలిమిలో నెలల తరబడి ఎందుకుంటాయో దీన్నిబట్టి తెలుస్తుంది. గాజు శిల్పాలు చేసే శిశిర్ సహానా పని ఎక్కడైనా ప్రదర్శనకు వస్తే దగ్గరికెళ్లి, తలను పక్కకు జరుపుతూ చూడండి. మందం మారినకొద్దీ వెలుగు ఎలా కదులుతుందో ఫొటోలో దొరకదు.

ప్రశ్న: శ్రీకాళహస్తి కలంకారీని గాజులోకి తేవాలని ఉంది. గాజు మీద బొమ్మ పెయింట్ చేస్తే సరిపోతుందా?
(శ్రీకాళహస్తి)

పెయింట్ చేస్తే అది గాజు మీద కలంకారీ అవుతుంది గానీ గాజు కలంకారీ కాదు. ప్రెస్టన్ సింగిల్టరీని చూడండి. అలాస్కా తీరపు ట్లింగిట్ జాతి వారసుడాయన. మొదట యూరప్ పద్ధతిలో గాజు ఊదడం నేర్చి, తర్వాత తన జాతి చెక్కపనిలోని గీతలను గాజుకు తెచ్చారు. ఒక రంగు మీద ఇంకో రంగు పొర ఉన్న పాత్ర ఊది, పై పొర మీద రబ్బరు స్టిక్కర్ అతికించి, గీత కోసి, ఇసుక ధారతో తొలిచి లోపలి రంగు బయటికి తీస్తారు. ఇక్కడ కూడా బొమ్మ పైపూత కాదు, చెక్కడమే. ఇసుక ధార అని పేరే గానీ ఇసుక వాడకండి, అల్యూమినియం ఆక్సైడ్ పొడి వాడండి, అదీ మూసిన పెట్టెలోనే. ఊదేటప్పుడు పై పొర భుజం దగ్గర సాగి పలచబడుతుంది కాబట్టి అక్కడ ధార తగ్గించకపోతే లోపలి రంగు కూడా తినేస్తుంది.

కలంకారీలో మీకు పనికొచ్చే విషయం ఇంకోటుంది. నీలం మీద పసుపు వేసి పచ్చ రప్పిస్తారు. పారదర్శక గాజులో నీలం పలక మీద పసుపు పలక పెట్టి కరిగిస్తే అచ్చం అదే జరుగుతుంది. జాగ్రత్త ఒకటే: గంధకం, సెలీనియం ఉన్న పసుపు గాజు రాగి ఉన్న నెమలి నీలాన్ని తాకితే, తాకిన చోట గోధుమ నలుపు మరక పడుతుంది. కోబాల్ట్ నీలం వాడితే ఆ బెడద లేదు. ఆ మరకనే కలంకారీ నల్ల గీతకు వాడుకోవచ్చేమో, రెండు అంగుళాల ముక్క మీద ముందు పరీక్షించండి.

ప్రశ్న: అమెరికా వాషింగ్టన్ రాష్ట్రంలోని రెడ్‌మండ్‌లో ఉంటున్నాం. పిల్లలకు కరిగిన గాజు పని ఎక్కడ చూపించాలి?

టకోమాలోని గాజు మ్యూజియానికి తీసుకెళ్లండి. 2002లో తెరిచారు. వంగిన శంకువు లాంటి ఉక్కు కట్టడం లోపల మెట్ల మీద కూర్చుని పని మొత్తం చూడొచ్చు. బయట చిహూలీ గాజు వంతెన ఉంది, తల ఎత్తి చూడమని చెప్పండి. సియాటిల్‌లో స్పేస్ నీడిల్ పక్కనే ఆయన తోట, ప్రదర్శనశాల ఉన్నాయి. ఇండియాకు వచ్చినప్పుడు సాలార్‌జంగ్ మ్యూజియంలో యూరప్ గాజు గది చూపించండి. అక్కడ ఏ పాత్రనైనా తిరగేసి చూపించమని అడగలేం గానీ, గుండ్రని పాత్రల అడుగు అద్దంలోంచి కనిపిస్తుంటే వంగి చూడండి. పని చివర్లో పాత్రను అడుగున పట్టుకున్న కడ్డీని విరిచిన గరుకు మచ్చ కనిపిస్తే అది చేత్తో చేసిన పాత్రే. నునుపు గుంట ఉంటే, ఆ మచ్చను తర్వాత అరగదీసి ఉండొచ్చు.