నడిపాడా? నడిపించాడా?

సందేహం: అమెరికన్ రేసర్ టోనీ స్టువర్ట్ గురించి "1995లో మూడు రకాల కార్లను నడిపించి మూడు టైటిళ్లు గెలిచాడు" అని రాస్తే, ఎడిటర్ గారు "నడిపి" అని దిద్దారు. "బండి నడిపిస్తున్నాడు" అని అందరూ అంటూనే ఉన్నారు కదా, తప్పేమిటి?

సమాధానం: మీ ఎడిటర్ దిద్దింది సరిగానే ఉంది. బండి నడుస్తుంది, డ్రైవరు దాన్ని నడుపుతాడు. తడుచు-తడుపు, నిలుచు-నిలుపు లాంటి జతే ఇది. దాని మీద మళ్లీ 'ఇంచు' చేరిస్తే స్టీరింగ్ దగ్గర ఇంకో మనిషి కూర్చున్నట్టు లెక్క.

స్టువర్ట్ విషయంలో అది అన్యాయం. అమెరికన్ రేసింగ్ సంస్థ యూసాక్ వారు మూడు రకాల కార్లకు ఇచ్చే మిడ్జెట్, స్ప్రింట్, సిల్వర్ క్రౌన్ టైటిళ్లు మూడూ ఒకే ఏడాది కొట్టిన మొదటివాడు అతను. స్ప్రింట్ కారుకు సెల్ఫ్ స్టార్టర్ ఉండదు, వెనక నుంచి ఇంకో బండి తోస్తే గానీ ఇంజను అందుకోదు. మట్టి ట్రాక్ మీద ఎడమ మలుపులో వెనక చక్రాలు జారిపోతుంటే, స్టీరింగ్‌ను కుడికి తిప్పి పట్టుకోవాలి. ఇంత అవస్థ పడ్డవాణ్ణి "నడిపించాడు" అంటే ఎలా? 1997 ఇండీ రేసింగ్ లీగ్ టైటిల్, 2002, 2005లో నాస్కార్ (అమెరికా స్టాక్ కార్ రేసులు) కప్పులు కూడా తానే నడిపి గెలిచాడు.

అలాగని మీ మాటకు అతని కెరీర్‌లో చోటు లేకపోలేదు. 2009 నుంచి 2024 వరకు నాస్కార్‌లో స్టువర్ట్-హాస్ జట్టుకు అతను సహ యజమాని. 2011లో సొంత జట్టు కారు తానే నడిపాడు. చివరి రేసు అయ్యేసరికి పాయింట్లలో అతనూ, ప్రత్యర్థి డ్రైవరు కార్ల్ ఎడ్వర్డ్స్ సమానం. స్టువర్ట్ గెలిచిన రేసులు 5, ఎడ్వర్డ్స్‌వి 1. దాంతో మూడో కప్పు స్టువర్ట్‌కే దక్కింది. 2014లో ఆ జట్టుకు కప్పు తెచ్చింది మాత్రం ఇంకో డ్రైవరు, కెవిన్ హార్విక్. అక్కడ "హార్విక్ చేత కారు నడిపించాడు" అని నిక్షేపంగా రాయండి.

జట్టు దగ్గర రెండు రూపాలూ చెల్లుతాయి. 'నడిపాడు' అంటే జీతాలు, ఖర్చులు, నిర్వహణ. 'నడిపించాడు' అంటే ముందుండి దారి చూపడం. ఒహాయోలోని ఎల్డోరా అనే అర మైలు మట్టి ట్రాక్‌ను 2004లో కొన్నాడు. దాన్ని 'నడుపుతున్నాడు' అనాలి, హోటలో పత్రికో నడిపినట్టు.

మాటల్లో "బండి నడిపిస్తున్నాడు" అంటే నేనైతే పట్టించుకోను. రాతలో, అందులోనూ ఓనరూ డ్రైవరూ ఒకరే అయిన మనిషి గురించి రాసేటప్పుడు, అర్థమే తారుమారవుతుంది.

అన్నట్టు, మీ వాక్యంలో 'కార్లను' అక్కర్లేదు, "మూడు రకాల కార్లు నడిపి" చాలు.