మోరేయాలో ఓడ ఒక్క పగలే ఆగుతుంది, ఈత రాని పెద్దావిడతో ఏం చూడాలి?

మీరు అడిగింది క్లుప్తంగా: అక్టోబరులో తాహితి ద్వీపంలోని పపేటేలో క్రూజ్ ఎక్కుతున్నారు. మోరేయాలో ఒక పగలు, బోరా బోరాలో ఒక పగలు ఓడ ఆగుతుంది. అత్తయ్యగారికి డెబ్భై దాటాయి, ఈత రాదు, పక్కా శాకాహారి. రెండు చోట్లా టూరు కొనేంత బడ్జెట్ లేదు, ఏదో ఒకటే కొనాలంటే ఎక్కడ?

మోరేయాలో కొనండి. బోరా బోరాలో జేబు పట్టుకుని కూర్చున్నా ఏమీ కాదు. మా అమ్మని వెంటబెట్టుకుని ఇదే దారిలో వెళ్లొచ్చాక చెబుతున్న మాట ఇది. ఆవిడకీ ఈత రాదు, గుడ్డు కూడా ముట్టదు.

ముందు వీసా సంగతి, ఎందుకంటే దీనివల్ల విమానాశ్రయం దాకా వెళ్లి ఆగిపోయేవాళ్లు ఉంటారు. ఈ ద్వీపాలున్న ఫ్రెంచ్ పాలినేషియా ఫ్రాన్స్‌దే అయినా షెంగెన్, అంటే ఐరోపా దేశాల ఉమ్మడి వీసా, పరిధిలోకి రాదు. భారత పాస్‌పోర్టు మీద షెంగెన్ స్టిక్కర్ ఉంది కదా అని బయల్దేరకండి. దరఖాస్తులోనే ఫ్రెంచ్ పాలినేషియా అని స్పష్టంగా రాయండి, వీసా అక్కడికి చెల్లుతుందో లేదో చేతికొచ్చాక చదువుకోండి. అత్తయ్యగారు ఇండియా నుంచి లాస్ ఏంజెలిస్ మీదుగా వస్తుంటే విమానం మారడానికి కూడా ఆవిడకి అమెరికా వీసా కావాలి.

ఇక మోరేయా. అక్కడ ఓడ రేవుకి ఆనదు, ఓపునోహు ఖాతంలోనో కుక్ ఖాతంలోనో లంగరు వేస్తారు. ఒడ్డుకి టెండర్ పడవల్లో దింపుతారు. ఓడవాళ్ల దగ్గర టూరు కొన్నవాళ్లని ముందు పంపి, మిగతావాళ్లకి తర్వాత టికెట్లిస్తారు. అందుకే బయట బుక్ చేసుకుంటే మరీ పొద్దున్నే సమయం పెట్టుకోకండి. ఓడ టూరు ఖరీదే కానీ, అది ఆలస్యమైతే ఓడ మీకోసం ఆగుతుంది. బయటి టూరైతే ఆగదు. పెద్దావిడతో కాబట్టి ఆ ఎక్కువ డబ్బు దండగ అనిపించలేదు నాకు. టెండర్ ఎక్కేటప్పుడు అలకి పడవ లేచి పడుతుంటుంది. సిబ్బంది చెరో చెయ్యీ పట్టుకుంటారు, అత్తయ్యగారు చీర కాకుండా పంజాబీ డ్రెస్ వేసుకుంటే తేలిక.

కొనాల్సిన టూరు లగూన్, అంటే పగడపు దిబ్బకీ ఒడ్డుకీ మధ్య ఉండే నీళ్లలో తిప్పే పడవది. ఈత రాకపోతే దండగ అనుకుంటారు గానీ, అసలు సుఖమంతా లోతు లేనిచోటే. ద్వీపం చుట్టూ పగడపు దిబ్బ గోడ కట్టినట్టు ఉండటంతో సముద్రపు అలలు అక్కడే విరిగిపోతాయి, లోపలి నీళ్లు చాలావరకు నిలకడగా ఉంటాయి. ఇసుక మేట మీద నడుము లోతులో పడవ ఆపుతారు. దిగీ దిగగానే స్టింగ్‌రేలు, అదే తోకలో ముల్లుండే బల్లపరుపు చేపలు, కాళ్లు రాసుకుంటూ వస్తాయి. ముట్టుకుంటే ఉడికించి పెంకు తీసిన గుడ్డులా నున్నగా ఉంటాయి. కాలు ఎత్తి వేయకుండా ఇసుకలో ఈడ్చుకుంటూ నడిస్తే వాటిని తొక్కే ప్రమాదం ఉండదు. కాస్త దూరంలో రెక్కల కొసలకి నల్లరంగు పూసినట్టున్న చిన్న సొరచేపలు తిరుగుతుంటాయి, వాటికి మన మీద ధ్యాసే ఉండదు. మా అమ్మ మొదట నిచ్చెన వదల్లేదు. తర్వాత పైకి రమ్మంటే రాలేదు. నీటి చెప్పులు తప్పనిసరి, రాయిచేప అనే విషపు చేప అచ్చం రాయిలా పడి ఉంటుంది.

ఉదయం టూరే తీసుకోండి, దానికో కారణం ఉంది. మన తీరంలో ఆటుపోట్ల సమయం రోజురోజుకీ జరుగుతుంది కదా, ఇక్కడ చంద్రుడి ప్రభావం దాదాపు తేలిపోయి సూర్యుడిదే నడుస్తుంది. పోటు ఇంచుమించు రోజూ మిట్టమధ్యాహ్నం, అర్ధరాత్రీ వస్తుంది. నీరు పెరిగేది అడుగులోపే, కానీ పొట్టిగా ఉండే పెద్దవాళ్లకి ఆ తేడా కూడా తెలుస్తుంది.

భోజనం చేర్చిన టూర్లలో చిన్న దీవి మీద దింపి ఎదురుగానే వండి పెడతారు. అక్కడి ముఖ్యమైన వంట పచ్చి ట్యూనా ముక్కల్లో నిమ్మరసం, దోసకాయ, టమాటా, కొబ్బరిపాలు కలిపింది. చేప వేయకముందే కూరగాయలు, కొబ్బరిపాలు విడిగా తీసి ఇమ్మని అడగండి, నవ్వుతూ ఇస్తారు. ఇంగ్లీషు టూరువాళ్లకి వచ్చు, బజారులో ఫ్రెంచ్, తాహితియన్ నడుస్తాయి. మా గైడు పీటకి బిగించిన ఇనప కోరాం మీద కూర్చుని కొబ్బరి కోరుతుంటే అమ్మ చూస్తూ ఉండలేక లేవమంది. ఆవిడ కోరుతున్న తీరు చూసి అతను రెండో కాయ కూడా కొట్టిచ్చాడు. తురుముని గుడ్డలో వేసి పిండిన ఆ పాలు, నిప్పుల మీద కాల్చిన సీమపనస, కొబ్బరి రొట్టె, అనాసపండు - ఇంతకన్నా మంచి శాకాహార భోజనం ఓడలో కూడా దొరకలేదు. మోరేయా అనాస చిన్నది, తియ్యగా ఉంటుంది, వదలకండి. సీమపనస మన గోదావరి వైపువాళ్లకి తెలిసిందే, బౌంటీ అనే ఇంగ్లీషు ఓడ 1788లో తాహితికి వచ్చింది ఈ మొక్కల కోసమే. ఓడలోంచి పండ్లు మాత్రం ఒడ్డుకి తీసుకెళ్లకూడదు.

మధ్యాహ్నం ఓపిక ఉంటే టాక్సీ మాట్లాడుకుని బెల్వెడేర్ అనే కొండ మీది వ్యూపాయింట్ దాకా వెళ్లండి. కారు పైదాకా పోతుంది, ఎక్కాల్సిందేమీ లేదు. మధ్యలో 899 మీటర్ల రోటుయి కొండ, దానికి అటొకటి ఇటొకటి రెండు ఖాతాలు. ఇంగ్లీషు నావికుడు కెప్టెన్ కుక్ 1777లో లంగరు వేసింది తన పేరున్న ఖాతంలో కాదు, పక్కనున్న ఓపునోహులో! దారిలో అడవి నీడన పాత రాతి మారయేలు, అంటే పూర్వపు ఆరాధనా స్థలాలు, కనిపిస్తాయి. రాళ్ల మీద ఎక్కకండి.

నన్నడిగితే ఈ క్రూజ్‌లో నిజంగా చూడాల్సింది ద్వీపాల వయసు. డార్విన్ 1835 నవంబరులో తాహితి కొండెక్కి ఎదురుగా మోరేయాని, దాని చుట్టూ తెల్లటి నురుగు గీతని చూశాడు. అగ్నిపర్వతం మెల్లగా కుంగుతుంటే పగడం పైకి పెరుగుతూ పోతుందన్న అతని వాదానికి ఆ దృశ్యం బాగా అతికింది. తాహితి వయసులో చిన్నది, మోరేయా దానికి అక్క, బోరా బోరా ఇంకా పెద్దది, ఎక్కువ కుంగిపోయింది. అందుకే అక్కడ లగూన్ అంత విశాలం, కొండ అంత ఇరుకు. మోరేయాలో కొండా లగూనూ రెండూ దండిగా ఉన్నాయి, ఒక్క పగటికి సరిపోతాయి కూడా.

బోరా బోరాలో ఫొటోల్లో చూసే నీటి మీది కుటీరాలు చాలావరకు విడి దీవుల మీద ఉంటాయి, రిసార్టుల సొంతం, ఓడ ప్రయాణికులు ఊరికే వెళ్లి తిరగడానికి లేదు. 727 మీటర్ల ఓటెమాను శిఖరం ఓడ డెక్ మీంచే బ్రహ్మాండంగా కనిపిస్తుంది, లోపలికి వచ్చేటప్పుడు నిద్ర మానుకుని చూడండి. టెండర్ వైటాపే ఊళ్లో దింపుతుంది. అక్కడినుంచి మటీరా బీచ్‌కి డబ్బులిచ్చి వ్యానులో వెళ్లిరావచ్చు. బీచ్ అందరిదీ, టికెట్ లేదు, మోకాలి లోతులో చాలా దూరం నడవొచ్చు. అత్తయ్యగారికి గొడుగు, మీకు కొబ్బరిబోండాం, చాలు.

డబ్బు పసిఫిక్ ఫ్రాంకుల్లో ఉంటుంది, యూరోకి సుమారు 119. ధరలో రెండు సున్నాలు తీసేస్తే డాలర్లలో ఉజ్జాయింపు వచ్చేస్తుంది. టాక్సీలకి, వ్యానులకి నోట్లు దగ్గరుంచుకోండి, టిప్పు ఆశించరు. అక్టోబరులో తిమింగలాలు పిల్లలతో అక్కడే ఉంటాయి, ఓడ కదిలేటప్పుడు దిబ్బ బయట గమనిస్తే పైనుంచే కనిపించొచ్చు, వాటికోసం వేరే టూరు వద్దు. ఇంటికి ఫోన్ చేయాలంటే అక్కడ సాయంత్రం ఆరు, మనకి మర్నాడు పొద్దున తొమ్మిదిన్నర.

మీ క్రూజ్ ఆదివారం ముగుస్తుంటే పపేటే బజారుకి తెల్లారకుండానే వెళ్లండి, పొద్దెక్కితే ఊరంతా మూసేస్తారు. టియారే పూల నూనె, వనిల్లా కాయలు అక్కడే కొనుక్కోవచ్చు. నల్లముత్యాలు మాత్రం సర్టిఫికెట్ ఇచ్చే దుకాణంలోనే తీసుకోండి.