పోర్టు పక్కన ఇల్లు, పాపకు పిల్లికూతలు: ఇల్లు మారితే తగ్గుతుందా?

ప్రశ్న: మేము విశాఖపట్నం పాతనగరంలో మూడు తరాలుగా ఉంటున్నాం. పొద్దున తుడిచిన గచ్చు మీద సాయంత్రానికి నల్లటి పొడి పేరుకుంటుంది. ఎనిమిదేళ్ల మా పాపకు చలికాలం వచ్చిందంటే రాత్రిళ్లు దగ్గు, పిల్లికూతలు. డాక్టరు గారు ఇన్‌హేలర్ రాశారు గానీ అలవాటైపోతుందని భయపడి మానిపించాం. ఇల్లు అమ్మి మధురవాడ వైపు వెళ్లిపోతే తగ్గుతుందా? – ఒక తల్లి, విశాఖపట్నం

జవాబు: అమ్మా, ఇల్లు మారడానికి నెలలు పడుతుంది కాబట్టి ముందుగా ఇన్‌హేలర్ సంగతి చెబుతాను. మీరు రాసిన లక్షణాలు ఆస్థమానే సూచిస్తున్నాయి. అయినా పిల్లల వైద్యుడికి మళ్లీ చూపించి, పాప ఊదగలిగితే స్పైరోమెట్రీ (గొట్టంలోకి ఊదించి ఊపిరితిత్తుల పనితీరు కొలిచే పరీక్ష) కూడా చేయించి నిర్ధారించుకోవాలి. ఇన్‌హేలర్ వ్యసనంలా పట్టుకుంటుందన్న భయం అక్కర్లేదు. రోజూ వాడే స్టిరాయిడ్ ఇన్‌హేలర్ శ్వాసనాళాల లోపలి వాపును తగ్గిస్తుంది. ఆయాసం వచ్చినప్పుడు పీల్చే మందు బిగుసుకున్న నాళాలను కాసేపు మాత్రమే సడలిస్తుంది. మొదటిది మానేసి రెండోదానితోనే నెట్టుకురావడం ప్రమాదకరం. ఇన్‌హేలర్‌కు స్పేసర్ (మందు నిలిచే గొట్టంలాంటి డబ్బా) అమర్చి ఇస్తే మందు గొంతులో ఆగిపోకుండా లోపలికి చేరుతుంది. స్టిరాయిడ్ మందు పీల్చాక నోరు పుక్కిలించాలి. పక్కటెముకల మధ్య చర్మం లోపలికి లాక్కుపోతున్నా, మాట పూర్తి చేయలేకపోతున్నా, పెదవులు నీలంగా మారినా తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

ఇక మీరు ఉంటున్న చోటు విషయానికి వస్తే, మీ అనుమానానికి ఆధారం ఉంది. ఒకవైపు కైలాసగిరి, మరోవైపు యారాడ కొండలు ఉండగా నడుమ గిన్నెలాంటి పల్లంలో ఊరు పెరిగింది. 1933లో ప్రారంభమైన ఓడరేవు, 1957 నాటి చమురుశుద్ధి కర్మాగారం, 1960లలో వచ్చిన ఎరువుల ఫ్యాక్టరీ కూడా ఆ పల్లంలోనే వెలిశాయి. చలికాలపు రాత్రుల్లో నేలను ఆనుకున్న గాలి చల్లబడి, దానిపైన వెచ్చటి గాలి పొర నిలవడంతో, పొగా ధూళీ పైకి పోలేక జనం పీల్చే ఎత్తులోనే ఉండిపోతాయి. పాపకు ఆ నెలల్లోనే ఎక్కువ కావడానికి జలుబు వైరస్‌లతో పాటు ఇదీ ఒక కారణం కావచ్చు.

గచ్చు మీద కనిపించే నల్లటి పొడిలో పోర్టు బొగ్గు నిల్వల ధూళి ఉండవచ్చు. అందులోని పెద్ద రేణువులు చాలావరకు ముక్కు, గొంతు, పెద్ద శ్వాసనాళాల దగ్గరే చిక్కుకుని దగ్గును రేపుతాయి. నేను ఇంకా ఎక్కువగా భయపడేది గుడ్డకు అంటని, కంటికి కనపడని సన్న రేణువుల గురించి. లారీల డీజిల్ పొగలోనూ, బాయిలర్ల పొగలోనూ, తగలబెట్టిన చెత్తలోనూ ఉండే ఈ సన్న రేణువులు, అంటే పీఎం 2.5 (2.5 మైక్రాన్లు, అంతకన్నా చిన్నవి), ఊపిరితిత్తుల అట్టడుగుకు చేరుతాయి. వీటికి మన దేశపు వార్షిక పరిమితి ఘనపు మీటరుకు 40 మైక్రోగ్రాములు కాగా, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించినది 5 మాత్రమే.

కర్మాగారానికీ ఇళ్లకూ మధ్య ఎంత జాగా వదలాలన్నది పట్టణ ప్రణాళికా విభాగం తేల్చే లెక్కే అయినా, దాని ఫలితం మా ఓపీ గదుల్లో కనపడుతుంది. మన ఊరి ఆర్.ఆర్. వెంకటాపురం దగ్గర 1961లో మొదలైన పాలిమర్ కర్మాగారం చుట్టూ గోడల దాకా జనావాసాలు పెరగనిచ్చారు. 2020 మే 7 తెల్లవారుజామున అక్కడ స్టైరీన్ అనే విష రసాయనపు ఆవిరి లీకై 12 మంది ప్రాణాలు కోల్పోయారు. అలాంటి విపత్తు జరిగినప్పుడే జోనింగ్ (ఏ జాగా ఇళ్లకు, ఏది కర్మాగారాలకు అన్న విభజన) గురించి మాట్లాడుకుంటున్నాం గానీ, రోజూ కొంచెం కొంచెంగా పిల్లల ఊపిరితిత్తుల్లోకి వెళ్లేదాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోవడం లేదు. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం.

మధురవాడ వెళ్తే పోర్టు ధూళి తప్పుతుంది. కానీ జాతీయ రహదారిని ఆనుకున్న అపార్ట్‌మెంటు తీసుకుంటే లారీల పొగ, పక్కన కొత్త భవనాలు లేస్తుంటే సిమెంటు దుమ్ము ఎదురవుతాయి. రోడ్డుకు కొన్ని వందల మీటర్లు లోపలికి, పాప బడికి నడిచి వెళ్లగలిగే చోట ఇల్లు దొరికితేనే మార్పుకు అర్థం ఉంటుంది. కాబట్టి ఇప్పుడే ఇల్లు అమ్మవద్దు; వీలైతే ఒక చలికాలం అక్కడ అద్దెకుండి, మందులు ఆపకుండా, తేడా గమనించండి.

ఈలోగా గచ్చును చీపురుతో ఊడ్చకుండా తడిగుడ్డతో తుడవండి. బొగ్గు నిల్వల వైపు నుంచి గాలి వీచే వేళల్లో ఆ వైపు కిటికీలు మూయండి. దోమల కాయిల్, అగరబత్తి, సాంబ్రాణి పొగ పాప పడుకునే గదిలోకి రానీయకండి, దోమతెర కట్టండి. బొగ్గు కుప్పలపై కప్పు, నీళ్లు చల్లడం, లారీలకు టార్పాలిన్, చెట్ల వరుస అన్నవి మీ ఇంట్లో మీరు చేయగలిగేవి కావు. వాటికోసం వీధివారంతా కలిసి కాలుష్య నియంత్రణ మండలికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. మాస్టర్ ప్లాన్ ముసాయిదాపై అభ్యంతరాలు కోరినప్పుడు పిల్లల ఆరోగ్య సమస్యను అందులో రాయండి.

పాపకు దగ్గు, పిల్లికూతలు వచ్చిన తేదీలను, ఆ రోజు దుమ్ము ఎలా ఉందో ఒక నోటుపుస్తకంలో రాసి పెట్టి, వచ్చే అక్టోబరులోపు వైద్యుడికి చూపించండి. చలి మొదలుకాకముందే మందు మోతాదు సరిచూడడానికి అది పనికొస్తుంది.